132 కేవీ సబ్‌స్టేషన్ కడితే మా ఊరికి కోతలు పోతాయా?

మీరడిగింది ఇదీ: "మాది అనంతపురం జిల్లా. ఊరి పక్కనే 132 కేవీ సబ్‌స్టేషన్ కడుతున్నారు. ఇక మా బోర్లకు కరెంటు కోతలు ఉండవా?"

కోతల సంగతి దానితో తేలదన్నా. బోరు మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు ఎన్ని గంటలన్నది పైన నిర్ణయించేది. మీకు పెరిగేది వోల్టేజీ. నేను ఈ జిల్లాలోనే ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో (33 వేల వోల్టులను 11 వేలకు దించేది) ఆరేళ్లు షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశాను. మా నాయనకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. అంటే తిట్లు తిన్నదీ నేనే, మోటారు కాలితే ఏడ్చిందీ మా ఇంట్లోనే.

అప్పట్లో మాకు 33 కేవీ లైను నలభై కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేది. దారిలో ఇంకో మూడు సబ్‌స్టేషన్లు దాని మీదే బతికేవి, మాది చిట్టచివర. పొద్దున వ్యవసాయ ఫీడర్లకు (బోర్లకు పోయే లైన్లకు) త్రీఫేజ్ ఇవ్వగానే ప్యానెల్ మీటర్లో 33 ఉండాల్సింది 27కి పడిపోయేది. ప్రతి బోరుకూ ఆటో స్టార్టరే కదా, మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. బ్రేకర్ ట్రిప్, అంటే లైను దానంతటదే ఆగిపోయేది. మళ్లీ వేస్తే మళ్లీ ట్రిప్. ఇక ఫోన్ మోగడం మొదలు.

తోటలో చూస్తే స్టార్టర్ మీద వోల్ట్‌మీటర్ 415 చూపాల్సిన చోట 320. వోల్టేజీ తగ్గితే మోటారు ఊరుకోదు. అవే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది, కాయిల్ వేడెక్కి మాడిపోతుంది. ఒక్క ఎండాకాలంలో మా నాయన రెండుసార్లు మోటారు పైకి లాగించాడు. ఏడువందల అడుగుల బోరు. పైపులు లాగే కూలి, రీవైండింగ్, మళ్లీ దించే కూలి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, నిజమే. ఆ ఏడు మాత్రం దానికంటే బిల్లు కట్టుకోవడమే నయం అన్నాడాయన. ఈలోపు నీళ్లు లేక పిందె రాలిపోయింది.

132 ఎందుకంటే, అంతే పవర్‌ను 33 బదులు 132లో పంపితే తీగలో పారే కరెంటు నాలుగో వంతుకు దిగుతుంది. అదే తీగలో వేడి రూపంలో పోయే నష్టం పదహారో వంతు అవుతుంది. అందుకే దూరమంతా 132లో తెచ్చి, ఊళ్ల దగ్గర 33కి దించుతారు. మాకు పది కిలోమీటర్లలో అలాంటి స్టేషన్ పడింది. దాన్ని ఛార్జ్ చేసిన (కరెంటు ఎక్కించిన) మరుసటి పొద్దున అదే లోడు మీద మా మీటర్లో 32 కనబడింది. కాసేపు మీటరే చెడిపోయిందనుకున్నాను!

అయితే కడుతున్న చోట బోర్డు చదవండి. 132/33 అని ఉంటే మీ ప్రాంతానికి పనికొచ్చేదే. 400/220 అని ఉంటే ఆశ పెట్టుకోవద్దు. ఉరవకొండ వైపు గాలిమరల కరెంటు, ఎన్‌పీ కుంట సోలార్ పార్కు కరెంటు అలాంటి పెద్ద స్టేషన్లకు చేరి గ్రిడ్‌లోకి పోతాయి. అందులోంచి మీ బోరుకు నేరుగా లైను రాదు. మీ పొలం మీదుగా 132 లైను పోతుంటే దాని కింద దాదాపు 27 మీటర్ల వెడల్పున పెద్ద చెట్లు ఉంచనివ్వరు. చీనీ తోట ఉంటే ఎన్ని చెట్లు పోతాయో, ఎంత పరిహారమో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి. కొత్త స్టేషన్ వచ్చాక కూడా మా తోటలో వోల్టేజీ 360 దాటలేదు. నాయన నన్నే అనుమానంగా చూశాడు. తీరా చూస్తే మా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటార్లు ఏడు ఉన్నాయి, అది మోసేది నాలుగే. అందులో రెండు ఎవరి పేరు మీదా లేనివి. ఆ రెండింటికీ డబ్బు కట్టించి రెగ్యులర్ చేయించి, రెండో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు 400 చూపిస్తోంది. మీరు ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, సబ్‌స్టేషన్ పూర్తయ్యేదాకా ఆగొద్దు.