పట్టం ఎవరిది, పెత్తనం ఎవరిది?

రాజ్యమేలిన స్త్రీల మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కాకతీయుల చుట్టూనే తిరిగాయి. అందుకే జవాబులూ అక్కడే ఎక్కువసేపు ఆగాయి.

ప్రశ్న: మా ఊరి శివాలయం ముందున్న రాతి మీద 'మహాదేవి' అనే మాట ఒక్కటే చదవగలుగుతున్నాం. ఆమె ఈ ప్రాంతాన్ని ఏలిన రాణి అనుకోవచ్చా? మిగతాది ఎలా చదవాలి? – సూర్యాపేట

జవాబు: ఆ ఒక్క మాట పట్టుకుని అలా అనుకోకండి. మహాదేవి అన్నది పట్టపురాణికి వాడే మాట. రాజ్యం నడిపినామెకూ ఉంటుంది, ఏ ఊళ్లోనూ మాట చెల్లనామెకూ ఉంటుంది. రాతి మీద మూడు చోట్లు వెతకండి. మొదటిది పాలన వాక్యం: ఫలానావారు 'పృథ్వీరాజ్యంబు సేయుచుండగాను' అని ఉంటుంది. రాజ్యం ఎవరిదో తేల్చేది ఇదే. రెండోది దాత పేరు: భూమో, చెరువో, దీపానికి నెయ్యి కోసం గొర్రెలో ఎవరిచ్చారన్నది. మూడోది 'ఫలానావారికి పుణ్యంగాను' అన్న ముక్క. రాజస్త్రీలు ఎక్కువగా కనిపించేది రెండో చోట, మూడో చోట. మొదటి చోట స్త్రీ పేరు ఉంటే అది అరుదైన రాయి, వెంటనే పురావస్తు శాఖకు చెప్పండి.

దాతగా మాత్రమే ఉన్నామె సామాన్యురాలని కూడా అనుకోవద్దు. కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. రాజ్యం అన్నగారిది. అయినా కాకతీయుల పూర్వీకుల వరుస వెన్నరాజు నుంచి మనకు తెలిసిందంటే ఆ చెరువు రాయి పుణ్యమే. పుట్టింటి వంశవృక్షాన్ని రాతికెక్కించింది ఆడపడుచు!

చదవడానికి ముందు రాతిని మెత్తటి బ్రష్షుతో, మంచినీళ్లతో కడగండి. పసుపు, నూనె, సున్నం, రంగు ఏదీ పూయొద్దు. సుద్దముక్కతో దిద్దడం మరీ ప్రమాదం, శిల్పి చెక్కిన అక్షరం పోయి మీరు ఊహించుకున్న అక్షరం ఫొటోలో పడుతుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తీసిన ఫొటో దేనికీ పనికిరాదు. చీకటి పడ్డాక టార్చిలైటును రాతి పక్కనే, దాదాపు ఆనించినట్టు పెట్టి వెలుగు ఏటవాలుగా పడేలా చూడండి. గాట్లలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. ఒక వెలుగులో కనబడని అక్షరాల గుడి, కొమ్ము ఇంకో వెలుగులో కనబడతాయి.

కాగితం మీద నకలు తీయడం చూసినవాళ్లకు తేలికగానే అనిపిస్తుంది. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, గాట్లలోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. ఆరీ ఆరకముందే సిరా ఉండతో పైపైన అద్దుతారు. గాట్లలోకి దిగిన కాగితానికి సిరా అంటదు కాబట్టి నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. తడి ఎక్కువైతే సిరా పాకి అక్షరాలు కలిసిపోతాయి, మరీ ఆరితే కాగితం రాతిని వదిలేస్తుంది. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా ఈ పనికి దిగకండి.

చివర్లో 'స్వదత్తాం పరదత్తాం వా' అనే శ్లోకం వస్తే శాసనం ముగింపుకొచ్చిందన్నమాట. దానమిచ్చిన నేలను లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం. ఔత్సాహికులు ముందుగా గుర్తుపట్టేది ఈ శ్లోకాన్నే, చరిత్రకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ ఇదే.

ప్రశ్న: శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని ఉంటే అది రుద్రమదేవి అని ఎలా తెలుస్తుంది? అసలు మగపేరు ఎందుకు పెట్టుకుంది? – హనుమకొండ

జవాబు: ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. కాకతీయుల్లో రుద్రదేవుడనే పేరు ముగ్గురికి తగులుతుంది. వేయిస్తంభాల గుడి కట్టించిన మొదటి రుద్రదేవుడు 1158 నుంచి 1195 దాకా. రుద్రమ 1262 ప్రాంతం నుంచి 1289 దాకా. ఆమె మనవడు ప్రతాపరుద్రుడు 1323 దాకా, అతన్ని కుమార రుద్రదేవుడని కూడా రాశారు. కాబట్టి పేరు కాదు, శకవర్షం చూడాలి.

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని బడిలో చెప్తారు. సగం నిజమే. పుష్యం మధ్య నుంచి ఫాల్గుణం దాకా అయితే ఇంగ్లిషు సంవత్సరం మారిపోయి ఉంటుంది, 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘ మాసానిది. 78 కలిపి 1162 అని రాసేవాళ్లు చాలామంది, సరైనది 1163 జనవరి. సంవత్సరం పేరుతోనూ సరిచూసుకోండి. శక 1084 చిత్రభాను. మనకు దగ్గర్లో చిత్రభాను 2002 ఉగాదికి మొదలైంది. 2002లోంచి 1162 తీసేస్తే 840, అంటే పద్నాలుగు అరవైలు. ఇలా అరవైతో నిశ్శేషంగా భాగించబడకపోతే అంకె తప్పు చదివారనో, రాయి అరిగిందనో అర్థం.

ఇక మగపేరు సంగతి. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురిని కూతురిగానే ఉంచి పెళ్లి చేస్తే రాజ్యం అల్లుడి వంశానికి పోతుంది. రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల వాడు. అందుకే తండ్రి ఆమెకు రుద్రదేవుడని పేరుపెట్టి కొడుకు స్థానంలో నిలబెట్టాడు. వేషం వేయించి లోకాన్ని మోసం చేశాడన్న కథ కంటికింపుగా ఉంటుంది గానీ, ఇక్కడ జరిగింది వారసత్వ ఏర్పాటు. ఆమె స్త్రీ అని అందరికీ తెలుసు. ఆమె మీదికి దండెత్తిన దేవగిరి యాదవ రాజు మహాదేవుడి మంత్రి హేమాద్రి, తమ రాజు ఆమెను స్త్రీ కదా అని వదిలేశాడని రాసుకున్నాడు. ఓడిపోయినవాళ్ల కొలువులో పుట్టే మర్యాద మాటల్లాగే ఉంది అది.

తర్వాతి తరంలోనూ ఇదే సూత్రం. ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అతన్ని దత్తు తీసుకుంది, దాంతో మనవడు కాకతీయుడయ్యాడు. వీరభద్రుడి పేరున రాజ్యం నడిచినట్టు మాత్రం శాసనాల్లో లేదు.

రుద్రమ అక్కచెల్లెళ్లలో గణపాంబ సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. ఆమె ధరణికోట ఏలిన కోట బేతరాజు భార్య. భర్త పోయాక అక్కడ వ్యవహారం తనే చూసింది. యనమదల శాసనం ప్రకారం భర్త పేరున బేతేశ్వరాలయం, తండ్రి పేరున గణపేశ్వరాలయం కట్టించి, అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు పెట్టించింది. ఒకే తండ్రి బిడ్డలు. ఒకామె అధికారం వైధవ్యం వల్ల వచ్చింది, ఇంకొకామెది కొడుకు స్థానం వల్ల. గణపాంబకు మగపేరు అవసరం పడలేదు, ఎందుకంటే ఆమె వంశానికి వారసురాలు కాదు.

ప్రశ్న: చందుపట్ల శాసనంలో రుద్రమను అంబదేవుడు చంపాడని ఉందా? – నకిరేకల్

జవాబు: లేదు. ఉన్నది ఇంతే: శక 1211 విరోధి సంవత్సరం మార్గశిర శుద్ధ ద్వాదశి నాడు పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకానికి వెళ్లిన కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయకుడికి పుణ్యంగా దానం చేశాడు. అంటే 1289 నవంబరు చివరి వారం నాటికి ఇద్దరూ లేరు. ఎలా పోయారో, ఎక్కడ పోయారో రాయి చెప్పదు.

మిగతాదంతా ఊహ, కానీ గట్టి ఊహ. మల్లికార్జునుడు సేనాని. రాణీ, సేనానీ ఒకేసారి పోయారంటే యుద్ధం గుర్తుకు రావడం సహజం. మరుసటి ఏడాది, కాకతీయుల మీద తిరగబడ్డ కాయస్థ సామంతుడు అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తాను గెలిచినవాళ్ల జాబితా ఉంది. అందులో మల్లికార్జునుడి సప్తాంగాలను హరించానని చెప్పుకున్నాడు. సప్తాంగాలంటే ఒంటి భాగాలు కావు. స్వామి, అమాత్యుడు, దేశం, కోట, కోశం, సైన్యం, మిత్రుడు, ఇవీ రాజ్యానికి ఏడు అంగాలు. 'స్వామి'ని హరించాడంటే రుద్రమను చంపాడనే కదా అని కొందరు చదివారు. తెలివైన పఠనమే, ఒప్పుకోవాలి. కానీ కాకతీయ ప్రభువును చంపి ఉంటే అంత గొప్పలు చెప్పుకున్న మనిషి పేరెత్తకుండా శ్లేషతో ఊరుకుంటాడా అన్న అనుమానం కూడా న్యాయమే. పరీక్షల్లో రాసేటప్పుడు 'అంబదేవుడితో పోరులో మరణించి ఉండవచ్చు' అనండి, 'అంబదేవుడు చంపాడు' అని రాయకండి.

ఇంకోటి గమనించండి. సింహాసనం మీద ఉన్నప్పుడు రుద్రదేవ మహారాజైన మనిషి, పుణ్యం కోసం చెప్పుకునేటప్పుడు రుద్రమదేవే. అది బంటు రాయించిన రాయి.

ప్రశ్న: గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి పేర్లు పెట్టుకున్నారు కదా, శాతవాహనుల్లో స్త్రీలదే పెత్తనమా? – గుంటూరు

జవాబు: సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. రాజుకు భార్యలు పలువురు. ఏ భార్య కొడుకో, ఆమె ఏ గోత్రపు ఆడపడుచో చెప్పడానికి ఆ పేర్లు పనికొచ్చాయి. అయినా 'ఉత్త పేరు' అని తీసిపారేయడం కూడా తప్పే. నానేఘాట్ గుహలో శాతవాహన రాణి నాగానిక పేరున ఉన్న శాసనంలో యజ్ఞాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణాలనే నాణేల లెక్క వరసగా ఉంటుంది. నాసిక్‌లో గౌతమీ బలశ్రీ తనను మహారాజు తల్లిని, మహారాజు నాయనమ్మను అని చెప్పుకుంది. అయితే ఆ శాసనం మీద లెక్కించింది ఆమె ఏలుబడి ఏళ్లు కావు, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరం. పైన చెప్పిన మూడు చోట్ల పరీక్ష ఇక్కడా పెట్టి చూడండి: పాలన పులుమావిది, దానం బలశ్రీది.

నాగార్జునకొండలో విషయం ఇంకా రుచిగా ఉంటుంది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆ ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి పోషకులు. అతని చెల్లెలు శాంతిశ్రీ, మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యం (పెద్ద స్తూపం) దగ్గర స్తంభాలు నిలిపింది. ఇంకో చెల్లెలు హమ్మసిరి కూతుళ్లు ఆ వీరపురుషదత్తుడికే భార్యలు. మేనత్త కూతురిని చేసుకోవడం మనకు చెప్పక్కర్లేని మేనరికమే. మేనత్తే అత్తగారైతే అంతఃపురంలో ఆమె మాట ఎందుకు చెల్లుతుందో తెలుగువాళ్లకు వేరే వివరించాలా?

ప్రశ్న: మన దేశంలో సొంతంగా రాజ్యమేలిన తొలి స్త్రీ రజియానా, రుద్రమా? – పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు

జవాబు: ఇద్దరూ కారు. రజియా ఢిల్లీలో 1236 నుంచి 1240 దాకా. కాశ్మీరంలో దిద్ద 980 నుంచి 1003 దాకా సొంత పేరున ఏలింది. మనకు పక్కనే ఒడిశాలో భౌమకర వంశంలో స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు సింహాసనమెక్కారు. దండి మహాదేవి రాగిరేకులు గంజాం జిల్లాలోనే దొరికాయి. అందులో ఆమె పరమభట్టారిక, పరమేశ్వరి. బిరుదులకు స్త్రీలింగం వాడుకున్నారక్కడ. రుద్రమకు పురుషనామం తప్పనిసరి ఆచారం కాదు, కాకతీయుల ఎంపిక అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పేరు ఒక రాణిదని విన్నాం. నిజమేనా? – హయత్‌నగర్

జవాబు: మా సాహెబా తలాబ్ నలిగి మాసబ్‌ట్యాంక్ అయిందని అంటారు. ఆ మా సాహెబా హయాత్ బక్షీ బేగం. మీ ఊరి పేరూ ఆమెదే. గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీకి బతికిన కొడుకు లేడు, ఉన్నది ఈ కూతురే. గణపతిదేవుడికి వచ్చిన చిక్కే వచ్చింది, పరిష్కారం వేరు. తమ్ముడి కొడుకునే అల్లుడిగా చేసుకున్నాడు, 1612లో ఆ అల్లుడే సుల్తాన్ అయ్యాడు. కూతురు, భార్య, తల్లి ఈ మూడు హోదాల్లోనూ ఆమె ఉంది గానీ గద్దె మీద ఎన్నడూ లేదు.

1626లో కొడుకు అబ్దుల్లా చిన్నతనంలోనే సుల్తాన్ కావడంతో వ్యవహారాలు ఆమె చేతికొచ్చాయి. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు రాజీ మాట్లాడటానికి అతని శిబిరానికి వెళ్లింది ఆమే. ఔరంగజేబు కొడుక్కి మనవరాలిని ఇచ్చి, భారీ పరిహారానికి ఒప్పుకుని కోటను దక్కించుకున్నారు. ఆ తర్వాత అబ్దుల్లాకూ కూతుళ్లే. 1672లో మళ్లీ అల్లుడే, తానీషా, గద్దెనెక్కాడు.

ప్రశ్న: మార్కోపోలో రుద్రమను చూశాడా? – చీరాల

జవాబు: అతను కోరమండల్ తీరానికి వచ్చింది 1290ల తొలినాళ్లలో. అప్పటికే ఆమె లేదు. మోటుపల్లిని అతను ముత్ఫిలి అన్నాడు. సాలెగూడంత సన్నని బట్టలు, వజ్రాలు, న్యాయంగా ఏలే రాణి, ఇవీ అతని మాటలు. భర్త పోయాక ఆమె నలభై ఏళ్లు ఏలిందన్నాడు. ఏళ్లూ తప్పే, భర్తా తప్పే. ఆమెకు గద్దె తండ్రి నుంచి వచ్చింది, ఏలింది ఇరవై ఏడేళ్లు. గద్దెనెక్కిన స్త్రీ అంటే రాజుగారి విధవే అయివుంటుందని ఆ యాత్రికుడు అనుకుని ఉంటాడు.

తండ్రి నుంచి రాజ్యం చేతులు మారడం చూడాలంటే మల్కాపురం శాసనం చూడండి, 1261 మార్చిది. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానికి తోడు వెలగపూడిని గోళకీ అనే శైవ మఠం గురువు విశ్వేశ్వర శంభువుకు రుద్రమే ధారపోసింది. ఆ రాబడిలోంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడవాలని అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఇప్పుడున్నది ఆ వెలగపూడిలోనే.