విడివిడిగా కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లకు దంపతుల థెరపీలో వేరే శిక్షణ కావాలా?

మీరు అడిగినవి మూడు. మూడేళ్లుగా ఒక్కొక్కరితో కౌన్సెలింగ్ చేస్తున్నాను, ఇప్పుడు జంటలు కూడా వస్తున్నారు, దీనికి మళ్లీ శిక్షణ తీసుకోవాలా అన్నది ఒకటి. రీసెర్చ్ పేపర్లు చదివితే గదిలో నిజంగా పనికొస్తాయా అన్నది రెండు. పెళ్లికాని నేను దంపతులకు ఏం చెప్పగలను అన్నది మూడు. నేను ఈ పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను, ఈమధ్య కొత్తవాళ్లకు సూపర్‌విజన్ కూడా చేస్తున్నాను. నాకు ఎదురైనవే చెబుతాను. క్లయింట్ల వివరాలు ఎవరూ గుర్తుపట్టలేనంతగా మార్చేశాను.

శిక్షణ కావాలి. నేనూ మొదట్లో అక్కర్లేదనే అనుకున్నాను. ఒకరి గోడు వినడం వచ్చినవాళ్లకు ఇద్దరి గోడు వినడం ఎంతపని, కుర్చీ ఇంకోటి వేస్తే సరిపోతుంది అనుకునేదాన్ని. ఆ ధీమా ఎలా దిగిందో చెబుతాను.

దంపతుల థెరపీ కోర్సులో చేరిన మూడో నెలలో మా సూపర్‌వైజర్, ఒక జంటతో నేను చేసిన సెషన్ వీడియో నా చేతికే ఇచ్చి, "బాగుందా లేదా అని చూడొద్దు. ఎవరు ఎవరితో మాట్లాడారో లెక్కపెట్టుకుని రా" అన్నారు. కాగితం మీద మూడు గళ్లు గీశాను. ఆవిడ నాతో మాట్లాడినవి, ఆయన నాతో మాట్లాడినవి, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నవి. యాభై నిమిషాల సెషన్‌లో మొదటి గడిలో 41 గీతలు పడ్డాయి, రెండో గడిలో 17, మూడో గడిలో నాలుగు. ఆ నాలుగులో ఒకటి "టైమెంతైంది" అన్న ప్రశ్న, ఒకటి దానికి జవాబు. ఆయన 23వ నిమిషం దగ్గర చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి జరిగారు. మళ్లీ ముందుకు రాలేదు. గదిలో ఉన్నప్పుడు నాకది కనిపించనేలేదు. ఆ సాయంత్రం నోట్స్‌లో నేను రాసుకున్న వాక్యం ఇంకా గుర్తుంది: "భర్త సహకరించడం లేదు." వీడియో చూశాక తెలిసింది, ఆయన్ని వెనక్కి నెట్టింది నేనే. 23వ నిమిషానికి ముందు వరసగా ఆరు ప్రశ్నలు ఆవిడనే అడిగాను, ప్రతిదానికీ తలూపాను.

ఒక్కరితో పనిచేసేటప్పుడు మీకూ క్లయింటుకూ మధ్య ఉన్న నమ్మకం ఒక్కటే చూసుకుంటే చాలు. జంట వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ మీతో ఉన్న నమ్మకం వేరు, మనిద్దరం ఒకే పనిమీద ఇక్కడికొచ్చామన్న భావన వాళ్లిద్దరి మధ్య ఉందా లేదా అన్నది ఇంకో లెక్క. ఒకరికి మీమీద గురి బాగా కుదిరి రెండోవాళ్లకు కుదరకపోతే దాన్ని చీలిన పొత్తు అంటారు. మిర్నా ఫ్రీడ్‌లాండర్, వాలెంటిన్ ఎస్కుడెరో, లారీ హెదరింగ్టన్ కలిసి సోఫ్టా అని ఒక పరిశీలన పద్ధతి తయారుచేశారు. వీడియో చూస్తూ ఇలాంటి సూచనలను గుర్తించడం దాని పని. చేతులు కట్టుకోవడం, థెరపిస్టు చూపు తప్పించుకోవడం లాంటివి. నా మూడు గళ్ల కాగితం దానికి పేద చుట్టం అనుకోండి.

అయితే నేను ఆవిడ పక్షానికి ఎందుకు ఒరిగాను? దీనికి జవాబు నా జెనోగ్రామ్‌లో దొరికింది. మూడు తరాల కుటుంబాన్ని గుర్తులతో గీసే పటం అది. చాలా శిక్షణల్లో ముందు మీ ఇంటి పటమే గీయిస్తారు. ఈ ఆనవాయితీ వెనక అమెరికన్ మనోవైద్యుడు ముర్రే బోవెన్ ఉన్నాడు. 1967లో కుటుంబ పరిశోధకుల సమావేశంలో అందరూ సిద్ధాంతం చెబుతాడని ఎదురుచూస్తుంటే, ఆయన తన సొంత కుటుంబంతో తాను చేసిన పని గురించి మాట్లాడాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగినప్పుడు మూడో మనిషిని లాక్కుంటారు, అదొక త్రికోణం అవుతుంది అన్నది ఆయన చెప్పిన ముఖ్యమైన మాట. నా పటంలో అమ్మకూ నాన్నకూ మధ్య ఉన్న గీత మీద నేనున్నాను. అమ్మ అలిగితే నాన్నకు కబురు చేర్చింది పదేళ్ల వయసు నుంచీ నేనే. సెషన్‌లో నేను చేసిందీ అదే ఉద్యోగం, ఈసారి ఫీజు తీసుకుని. ఇది పుస్తకం చదివితే తెలిసేది కాదండి. ఎవరో ఒకరు మన వీడియో ముందు మనల్ని కూర్చోబెట్టాలి.

తర్వాత అద్దం వెనక సూపర్‌విజన్ మొదలైంది. మీరు లోపల జంటతో ఉంటారు, అద్దానికి అవతల సూపర్‌వైజర్, తోటి విద్యార్థులు. వాళ్లకు మీరు కనిపిస్తారు, మీకు వాళ్లు కనిపించరు. జంటకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే. గదిలో ఒక ఫోన్ ఉంటుంది. అది మోగినప్పుడు గుండె ఎలా జారుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఒకరోజు అదే జంటతో ఉండగా మోగింది. "ఆయన్ని నువ్వడగొద్దు. ఆ మాట ఆవిడతోనే చెప్పమను. నీ కుర్చీ వెనక్కి జరుపుకో" అని పెట్టేశారు. జరుపుకున్నాను. ఆయన కుర్చీ తిప్పుకున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, మధ్యలో దూరి ఏదో ఒకటి అందామని నా నాలుక దురద పెడుతూనే ఉంది. చివరికి ఆయన, "నేనొచ్చేసరికి నువ్వెప్పుడూ ఫోన్లోనే ఉంటావు" అన్నారు. ఆవిడ, "వచ్చానని ఒక్క మాట అంటేగా" అన్నారు. అంతే. ఆవిడ నిలదీస్తే ఆయన తప్పుకోవడం, ఆయన తప్పుకుంటే ఆవిడ ఇంకా నిలదీయడం. ఆండ్రూ క్రిస్టెన్సెన్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచిన వలయం నా కళ్లముందు రెండు వాక్యాల్లో తిరిగింది. నేను ప్రశ్నలడిగినన్నాళ్లూ అది నాకు కనపడలేదు.

ఇలా గదిలోనే వాళ్లచేత మాట్లాడించి చూడడాన్ని కుటుంబ థెరపిస్టు సాల్వడోర్ మినూచిన్ పద్ధతిలో ఎనాక్ట్‌మెంట్ అంటారు. 1960ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో ఆయనా జే హేలీ కలిసి, పెద్ద డిగ్రీలేవీ లేని స్థానిక పేదవాడల మనుషులకు కుటుంబ థెరపీ నేర్పారు, అద్దం వెనక నుంచి అప్పటికప్పుడు చెబుతూ. ఎంఫిల్ ఉంటేగానీ అర్హత లేదనేవాళ్లు తారసపడినప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఉంది. 1985లో నార్వేలోని ట్రోమ్సోలో టామ్ ఆండర్సన్ బృందం లైట్లు మార్చేసి, అద్దం వెనకవాళ్ల మాటలను కుటుంబమే చూసేలా, వినేలా చేసింది. నాకు వ్యక్తిగతంగా ఇదే ఇష్టం. క్లయింట్లు వింటున్నారని తెలిస్తే "మొండిమనిషి", "డ్రామా" లాంటి మాటలు మన నోట్లోంచి వాటంతటవే మాయమవుతాయి.

ఇక రీసెర్చ్. తప్పకుండా చదవండి. ఈ రంగానికి పొరపాట్ల చరిత్ర కూడా ఉంది మరి. 1956లో మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్సన్ బృందం డబుల్ బైండ్ సిద్ధాంతం ప్రకటించింది. నోటితో ఒకటి, ముఖంతో ఇంకోటి చెప్పే కుటుంబ సంభాషణలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు మూలం వెతికారు. ఆలోచన అందంగా ఉంది, కానీ ఆ జబ్బుకు కారణం అదేనని ఎన్నడూ రుజువు కాలేదు. ఈలోపు ఎందరో తల్లులు నిందలు మోశారు. తర్వాత జార్జ్ బ్రౌన్ తదితరుల అధ్యయనాలు వేరే ప్రశ్న వేశాయి: జబ్బు ఎందుకొచ్చిందని కాకుండా, ఇంట్లో విమర్శ, అతిగా కల్పించుకోవడం ఉన్నచోట అది తిరగబెట్టడం ఎక్కువా అని. ఎక్కువే అని తేలింది. దానిమీద కుటుంబాలకు జబ్బు గురించి నేర్పే కార్యక్రమాలు కట్టారు, వాటివల్ల తిరగబెట్టడం తగ్గింది. ప్రశ్న మారేసరికి నిందపడ్డ కుటుంబం తోడైంది.

దంపతుల విషయంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన అధ్యయనం క్రిస్టెన్సెన్, నీల్ జాకబ్సన్‌లది. చాలాకాలంగా తీవ్రంగా ఇబ్బంది పడుతున్న 134 జంటలను లాటరీ పద్ధతిలో రెండు రకాల థెరపీలకు పంచారు. ఒకటి ప్రవర్తన మార్పు మీద నడిచే పాత పద్ధతి, రెండోది దానికి ఒకరినొకరు ఒప్పుకోవడం అన్నదాన్ని కలిపిన కొత్త పద్ధతి. థెరపీ ముగిశాక ఐదేళ్లు వెంటపడి చూశారు. రెండు వర్గాల్లోనూ దాదాపు సగం జంటలు స్పష్టంగా మెరుగయ్యాయి, నాలుగో వంతుకు పైగా విడిపోయాయి. రెండింటి మధ్య చివరికి పెద్ద తేడా లేదు. మా పద్ధతే పద్ధతి అని కొట్టుకునేవాళ్లకు ఇది చూపించాలి. నాకైతే ఇది ఇంకోలా ఉపయోగపడింది. మొదటి సెషన్‌లో "గ్యారంటీగా బాగుపడుతుందా" అని అడిగితే ఇప్పుడు తడుముకోను.

చదివేటప్పుడు కాస్త అనుమానంగా చదవండి. దంపతుల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ పేరుతో "90 శాతం కచ్చితత్వంతో విడాకులు ముందే చెప్పొచ్చు" అన్న మాట ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. ఆయన ల్యాబ్ పరిశీలనలు గొప్పవి, ధిక్కారం, పెడముఖం గురించి ఆయన చెప్పినవి నేను రోజూ వాడతాను. కానీ ఆ శాతాలు, ఎవరు విడిపోయారో తెలిశాక అదే జంటల డేటాకు సరిపోయేలా కట్టిన సమీకరణాలవి. కొత్త జంటల మీద పరీక్షిస్తే అలాంటి అంకెలు బాగా దిగిపోతాయని రిచర్డ్ హేమన్, ఎమీ స్లెప్ 2001లో చూపించారు. క్లయింట్ల దగ్గర ఈ 90 శాతం కబురు చెప్పకండి, దయచేసి.

సగటులతోనూ జాగ్రత్త. గ్రాహం స్పానియర్ 1976లో తయారుచేసిన దాంపత్య సర్దుబాటు కొలమానంలో 32 ప్రశ్నలు, 151 దాకా మార్కులు. నా దగ్గర ఒక జంటలో ఆయనకు 112, ఆవిడకు 80 వచ్చాయి. సగటు 96 అని రాస్తే కాగితం మీద ఒక జంట కనిపిస్తుంది, గదిలో మాత్రం ఒకరు హాయిగా ఉన్నారు, ఇంకొకరు సంచీ సర్దుకుంటున్నారు. భార్యాభర్తల జవాబులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వాటిని సంబంధం లేని ఇద్దరి జవాబుల్లా లెక్కించకూడదు. దానికి వేరే గణాంక పద్ధతులున్నాయి. రీసెర్చ్ చేయాలనుకుంటే అవి ముందే నేర్చుకోండి, డేటా తీసుకున్నాక కాదు.

నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఒక భర్త విడిగా ఫోన్ చేసి, వేరే సంబంధం ఉందని, భార్యకు చెప్పొద్దని అన్నారు. "అలాగే" అనేశాను. ఆ తర్వాత రెండు సెషన్లు ఆవిడ ముఖం చూడలేకపోయాను. మూడో సెషన్‌కు ఆవిడకు వేరేచోట తెలిసింది, నాకు ముందే తెలుసని కూడా తెలిసింది. మళ్లీ రాలేదు. రావాలని నేనూ అడగలేకపోయాను. ఇప్పుడైతే విడిగా చెప్పిన రహస్యాలను ఏం చేస్తానో మొదటిరోజే ఇద్దరికీ రాతపూర్వకంగా ఇస్తాను. కానీ విడిగా మాట్లాడడం మానలేదు, మానకూడదు. ప్రతి జంటలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి కొట్టడం, భయపెట్టడం ఉందా అని అడగాల్సిందే. ఎదురుగా అడిగితే నిజం చెప్పిన మనిషికి ఇంటికెళ్లాక ఏమవుతుందో మనకు తెలియదు. ఒకరు రెండోవాళ్ల గుప్పిట్లో భయంతో బతుకుతున్నచోట ఇద్దరినీ కూర్చోబెట్టి థెరపీ చేయకూడదు. ముందు రక్షణ సంగతి చూడాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్ కన్నా ముందు, నా సెషన్ల వీడియోలు చూస్తారా అని అడగండి. చూడబోమంటే ఇంకోటి వెతుక్కోండి. గంటల సంగతికొస్తే, అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ చాలాకాలం పెట్టిన కొలత ఇది: క్లయింట్లతో 500 గంటలు, అందులో సగం జంటలతో లేదా కుటుంబాలతో, దానిపైన 100 గంటల సూపర్‌విజన్. మీరు చేరేదాంట్లో అంత లేకపోవచ్చు, కానీ రెండ్రోజుల వర్క్‌షాప్‌కూ దీనికీ ఉన్న దూరం అర్థమవుతుంది. దారితప్పిన పిల్లల కుటుంబాలతో చేసే ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ మీద వాషింగ్టన్ రాష్ట్రంలో పెద్ద అధ్యయనం జరిగింది. పద్ధతిని సరిగ్గా పాటించిన థెరపిస్టుల దగ్గర పిల్లల నేరాలు తగ్గాయి. సరిగ్గా పాటించనివాళ్ల దగ్గర, అసలు ఆ థెరపీ ఇవ్వనివాళ్లకంటే కూడా ఫలితాలు చెడ్డగా వచ్చాయి. సగం నేర్చుకుని చేద్దాం అనిపించినప్పుడల్లా నేను దీన్ని తలుచుకుంటాను.

ఇక పెళ్లి సంగతి. నాకూ అప్పటికి కాలేదు. ఒకాయన రెండో సెషన్‌లోనే "మీకు పెళ్లయిందా?" అని అడిగారు. కోర్సులో చెప్పినట్టు, "ఆ విషయం మీకెందుకు ముఖ్యమనిపిస్తోంది?" అన్నాను. "కాలేదన్నమాట" అని ఆయన కిటికీవైపు తిరిగారు. సూపర్‌వైజర్‌కు చెబితే, "అడిగినదానికి జవాబు చెప్పి, తర్వాత అడుగు" అన్నారు. వచ్చేవారం నేనే మొదలుపెట్టాను: "పోయినసారి మీరడిగినదానికి సూటిగా చెప్పలేదు. నాకు పెళ్లి కాలేదు. మీ సంసారం గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, నేను తప్పుగా పట్టుకుంటే అక్కడే ఆపండి." ఆయనేమీ అనలేదు. ఆవిడ నవ్వి, "ఆపడం ఈయనకు బాగా వచ్చు, మీకేం ఫర్వాలేదు" అన్నారు. దానికి ఆయన కూడా నవ్వారు, ఆవిడవైపు చూసి. వాళ్లు ఇంకో పద్నాలుగు సెషన్లు వచ్చారు.