120 వోల్టుల పాత రిసీవర్‌ని మన 230కి ఎలా తెచ్చుకోవాలి?

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: అమెరికా నుంచి సామాను సర్దుకుని వచ్చేసిన బాబాయి 1970ల నాటి స్టీరియో రిసీవర్, బెల్టు టర్న్‌టేబుల్ ఇచ్చారు, రెండింటి వెనకా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ మార్పించాలా లేక బయట స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెడితే చాలా?

వోల్టేజీ మార్చుకోవచ్చండి, హెర్ట్జ్‌తోనే చిక్కు: ఏసీ కరెంటు తరంగం సెకనుకి ఎన్నిసార్లు వస్తుందో ఆ లెక్క అది, అమెరికాలో 60, మన దగ్గర 50. విజయవాడలో ఇలాంటి పాత సెట్లు పోగేసుకుని బాగుచేసుకోవడం నాకున్న పిచ్చి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు రిసీవర్ సంగతి. వెనక 110, 120, 220, 240 అని సెలెక్టర్ ఉంటే మీ పని ఒక్క నిమిషంలో అయిపోయేది. మా మామయ్య సౌదీ నుంచి తెచ్చిన సెట్టుకి అది ఉంది, అప్పట్లో అక్కడ 127 వోల్టులు కూడా ఉండేవి కాబట్టి అటు వెళ్లిన సెట్లకు సెలెక్టర్ ఉండటం మామూలే. అలా ఉన్నవాళ్లు 220 మీద కాకుండా 240 మీద పెట్టుకోండి. రాత్రి పదకొండు దాటి లోడు తగ్గాక మా ఇంట్లో మీటరు 245 దాకా చూపిస్తుంది, 220 మీద ఉంటే ఆ ఎక్కువంతా లోపలి కెపాసిటర్ల మీద పడుతుంది.

సెలెక్టర్ లేకపోయినా కొన్ని మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు ప్రైమరీలు (మెయిన్స్ కరెంటు వచ్చే తీగ చుట్టలు) ఉంటాయి. సర్వీస్ మాన్యువల్‌లో సర్క్యూట్ చూస్తే తెలిసిపోతుంది. 120కి రెండూ పారలల్‌లో ఉంటాయి, 240కి సిరీస్‌లో కలపాలి, అంటే మన 230 మీద ఒక్కోదానికి 115 వస్తుంది. ఇక్కడ ఒక చుట్ట మొదలు, ఇంకో చుట్ట చివర కలవాలి. తిరగేసి కలిపితే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తుంది, కరెంటు అడ్డూ అదుపూ లేకుండా లాగి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. అందుకే మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు, 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి (ఎల్ఈడీ బల్బు పనికిరాదు). కనెక్షన్ సరిగ్గా ఉంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది, భగ్గుమని అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపేయండి. ఫ్యూజ్ కూడా సగానికి తగ్గించాలి, 120కి 5 ఆంపియర్లు ఉంటే ఇక్కడ రెండున్నర, అదీ స్లో బ్లో (క్షణకాలం ఎక్కువ కరెంటుని తట్టుకునే) రకమే. ఇంకోటి, ప్లగ్గు పీకినంత మాత్రాన పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయిపోవు, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. సోల్డరింగ్ అలవాటు లేకపోతే ఇదంతా తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.

ఒకే ప్రైమరీ ఉంటే లోపల కెలకొద్దు, రీవైండింగ్ జోలికి అసలు పోవద్దు. మా తోడల్లుడు తన జపాన్ 100 వోల్టుల సెట్టుకి అలాగే చుట్టించాడు. పని చేస్తోంది, కాదనను, కానీ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు మళ్లీ బిగుతుగా కూర్చోక పాటకీ పాటకీ మధ్య జుయ్యిమని మోత వినిపిస్తూనే ఉంటుంది. దానికి బదులు బయట పెట్టుకునే స్టెప్‌డౌన్ కొత్తగా చుట్టించుకోండి, ఆటోనగర్ వైపు వైండింగ్ షాపుల్లో అడగండి. రాగి తీగే కావాలని, ప్రైమరీ, సెకండరీ (సెట్టుకి కరెంటు ఇచ్చే చుట్ట) విడివిడిగా ఉండాలని గట్టిగా చెప్పండి. రిసీవర్ వెనక 300 వాట్లు అని ఉంటే 500 వీఏ (వోల్ట్ ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం లెక్క) చేయించుకోవడం మంచిది. 100, 110, 120 వోల్టులకి మూడు ట్యాపులు (చుట్ట మధ్యలోంచి తీసే కనెక్షన్లు) పెట్టమనండి. ఎందుకంటే 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 50 హెర్ట్జ్ మీద 120 ఇస్తే కోర్‌లో (చుట్టల మధ్య ఇనుములో) ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, 20 శాతం పెరిగి వేడెక్కుతుంది, హమ్ (గుయ్యిమనే మోత) కూడా వస్తుంది. 100 దగ్గర పెడితే లెక్క మళ్లీ సమానం, పవర్ కొంచెం తగ్గుతుంది గానీ ఇంట్లో వినడానికి అది తెలియను కూడా తెలియదు.

బజారులో చవగ్గా దొరికేవాటిలో ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, చుట్ట ఒకటే కాబట్టి అది తగిన చోట తెగితే 230 మొత్తం మీ సెట్టులోకే వచ్చేస్తుంది. ప్లగ్గు పీకి, ఇన్‌పుట్ పిన్నుకీ అవుట్‌పుట్ సాకెట్‌కీ మధ్య మీటరు పెట్టి చూడండి, కంటిన్యుటీ ఉంటే అది ఆటోనే. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చిన్న ట్రావెల్ కన్వర్టర్లు ఇంకా అన్యాయం, కరెంటు తరంగాన్ని కోసి పంపిస్తాయి.

టర్న్‌టేబుల్‌లో డీసీ మోటారు అయితే స్టెప్‌డౌన్ చాలు. ఏసీ సింక్రనస్ మోటారు అయితే మాత్రం వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది, నిమిషానికి 33⅓ తిరగాల్సింది దాదాపు 27.8 దగ్గర ఆగిపోతుంది. ఘంటసాల పాట పెడితే హార్మోనియం మీద తెలుపూ నలుపూ కలిపి మూడు మెట్లు కిందికి దిగి వినిపిస్తుంది. దీనికి ఏ స్టెప్‌డౌనూ మందు కాదు, ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీద బెల్టు తిరిగే చిన్న చక్రం) వెతికి వేయాలి, వ్యాసం సుమారు 20 శాతం ఎక్కువ ఉంటుంది.

రిసీవర్ వెనక టర్న్‌టేబుల్ కోసం ఏసీ సాకెట్లు ఉంటాయి చూడండి, వాటి సంగతి చాలామంది పట్టించుకోరు. రిసీవర్‌ని లోపలే 240కి మార్చారంటే ఆ సాకెట్లలోకి కూడా నేరుగా మన 230 వస్తుంది, 120 టర్న్‌టేబుల్ దాంట్లో గుచ్చితే మోటారు కాలిపోతుంది. వాటి వైర్లు లోపలే విప్పేసి ఇన్సులేట్ చేయించండి, టర్న్‌టేబుల్‌కి చిన్న స్టెప్‌డౌన్ వేరే పెట్టుకోండి.