సున్నాలు చూసి సంబరపడకు

బుజ్జమ్మా,

అంబులెన్సు కాల్ సెంటర్లో పనిచేసేవాళ్ల టెన్షన్ కొలిచే ప్రాజెక్టు తీసుకున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అమలాపురంలో మా వీధి వీధంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, సమ్మతి పత్రాలు ముందే తీసుకో. ఉమ్మిలో కార్టిసాల్, అదే ఒత్తిడి హార్మోను, కూడా చూస్తానన్నావట. అది నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటలో బాగా పెరిగి, రాత్రికి తగ్గిపోతుంది. నైట్ డ్యూటీ వాళ్లు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో రాసుకోకపోతే ఆ అంకెలు దండగ.

ఇక ప్రశ్నల కాగితం. 1983లో కోహెన్ వాళ్లు తెచ్చిన ఒత్తిడి స్కేలే కదా, ఇప్పుడు పది ప్రశ్నలతో వాడుతున్నది? ఒక్కో దానికి సున్నా అంటే ‘ఎప్పుడూ లేదు’, నాలుగంటే ‘చాలాసార్లు’. నేనూ వాడాను. వాడి చెడగొట్టాను.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, రాత్రిళ్లు క్యాజువాలిటీ ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్లకి ఇచ్చాను. పొద్దున్న ఆరింటికి, డ్యూటీ దిగే వేళ, పైన పేరు రాయించి మరీ. వాళ్ల ఇన్‌చార్జి పక్కనే టీ తాగుతున్నాడు. ఒకమ్మాయి పదింటికీ సున్నా చుట్టేసి రావులపాలెం బస్సుకి పరిగెత్తింది. కూడితే సున్నా. ‘ఈమెకు ఒత్తిడి లేదు’ అని రిపోర్టులో రాశాను. ఆమెను చూసి నేర్చుకోండని మిగతావాళ్లతో అన్నాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ పదిలో 4, 5, 7, 8 ప్రశ్నలు ధైర్యం గురించి, పనులు మన అదుపులో ఉండటం గురించి అడుగుతాయి. వాటిని తిరగేసి లెక్కెయ్యాలి, సున్నాకి నాలుగు. అంటే ఆమెకు 40కి 16 రావాలి. ఆ 16 మాత్రం నిజమా? నెలలో ఒక్కసారీ కంగారు పడలేదు, ఒక్కసారీ ధైర్యంగానూ లేదంటే ఎలా కుదురుతుంది? నాతో చెప్పడం ఇష్టం లేక చదవకుండా చుట్టేసింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. వాళ్లింటికి వెళ్తే, గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచిన ఫోన్ అత్తగారు చూపించారు. మోగితే కోడలు వణికిపోతోందట. ఆ పిల్ల నాకు కొబ్బరినీళ్లు ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది.

అందుకని పేర్లు వద్దు, కోడ్ నంబర్లు పెట్టు. కాగితాలు పెట్టెలో వెయ్యమను, తాళం నీ దగ్గర ఉంచుకో. ఎవరి మార్కులూ వాళ్ల ఇన్‌చార్జికి చూపించకు, ఎంత బతిమాలినా సరే. విన్నావా?

స్కేలు అడిగేది గడిచిన నెల గురించి, కాబట్టి ఆ నెలలో వరదొస్తే రాసుకో. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. నీ స్కేలుకి మాత్రం అలా ‘ఇంత దాటితే జబ్బు’ అనే గీత లేదు. నువ్వూ గియ్యకు.

వాళ్ల పక్కన కూర్చుని కాల్స్ వింటావట. మీ పెదనాన్న పోయిన రాత్రి ఫోన్ చేసింది నేనే. అవతల ఎవరో అమ్మాయి, ‘నేను లైన్లోనే ఉన్నానమ్మా’ అంటూనే ఉంది. ఆ తర్వాత ఆమె ఇంకో కాల్ ఎత్తే ఉంటుంది. రోజుకి రెండు గంటలకి మించి వినకు.

నెలకోసారి ఆ పది ప్రశ్నలూ నువ్వూ నింపి నాకు పంపు. నీ కాగితం మీద మాత్రం పేరుండాలి.

మీ పెద్దమ్మ