బుల్లెట్ రైలును ఎవరు నడపాలి, ఎవరు చూసుకోవాలి? ఒక తండ్రి సందేహానికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గంలో మెయింటెనెన్స్ విభాగంలో చేరాలని వాడి పట్టుదల. రేపు ఆ మార్గాన్ని రైల్వేశాఖ నడుపుతుందో, దాన్ని నిర్మిస్తున్న కార్పొరేషనే నడుపుతుందో, ప్రైవేటు సంస్థకు అప్పగిస్తారో తేలకుండా దాన్ని నమ్ముకోవద్దని బంధువులు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ బంధువుల సందేహం కొట్టిపారేయదగినది కాదు. అయితే ప్రశ్నను కొద్దిగా మార్చి అడిగితే మీ అబ్బాయికి ఎక్కువ ఉపయోగం. మార్గం ఎవరిదన్నది కాగితం మీద స్పష్టంగానే ఉంది. 2016 ఫిబ్రవరిలో ఏర్పడిన నేషనల్ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్‌లో కేంద్రానికి 50 శాతం, గుజరాత్, మహారాష్ట్రలకు చెరి 25 శాతం వాటా ఉంది. 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు గల ఈ మార్గానికి నిధులు సమకూర్చడం, దాన్ని నిర్మించడం మాత్రమే కాక నడపడం, మెయింటెనెన్స్ చూడడం కూడా ఆ సంస్థ లక్ష్యాల్లోనే ఉన్నాయి. అసలు గమనించవలసింది, ఆ పనులను కార్పొరేషన్ సొంత ఉద్యోగులతో చేయిస్తుందా, ముక్కలు చేసి కాంట్రాక్టులకు ఇస్తుందా అన్నది. మీ వాడి ఉద్యోగం ఎలా ఉంటుందన్నది దాని మీదే ఆధారపడుతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. హైస్పీడ్ మార్గంలో బండి నడిపేవారూ, పట్టాలూ సిగ్నళ్లూ విద్యుత్ తీగలూ చూసుకునేవారూ ఒకే సంస్థ కింద ఉండాలి. గంటకు 320 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 89 మీటర్లు. ఆ వేగంలో పట్టాల పక్కనున్న సిగ్నల్ చూసి బ్రేకు వేయడం కుదరదు కాబట్టి, ఎంత వేగంతో వెళ్లవచ్చో డ్రైవరు ముందున్న తెర మీదే కనిపించే ఏర్పాటు ఉంటుంది. అంటే డ్రైవరు తన కళ్లకన్నా ఎక్కువగా, రాత్రి ఆ మార్గాన్ని పరీక్షించి అంతా సరిగా ఉందని సంతకం పెట్టిన మనిషిని నమ్మి బండి నడుపుతాడు. లోపం కనిపించినప్పుడు తెల్లవారి మొదటి బండిని ఆపించే అధికారం ఆ సంతకం పెట్టే మనిషికి ఉండాలి. బండ్లు ఒకరివి, పట్టాలు మరొకరివి, మరమ్మతు ఇంకొకరిది అయిన చోట ఆ అధికారం ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు.

బ్రిటన్‌లో అదే జరిగింది. 2000 అక్టోబర్ 17న హాట్‌ఫీల్డ్ దగ్గర రైలు పట్టా ముక్కలై బండి పట్టాలు తప్పింది, నలుగురు చనిపోయారు. అప్పట్లో పట్టాలు రైల్‌ట్రాక్ అనే కంపెనీవి, వాటి మరమ్మతు కాంట్రాక్టర్లది, బండ్లు వేరే సంస్థలవి. నన్ను ఇప్పటికీ బాధించేది ఏమిటంటే, ఆ పట్టా పగుళ్లు బారిందని ముందే తెలుసు. మార్చడానికి తెచ్చిన కొత్త పట్టా నెలల తరబడి ఆ పక్కనే పడి ఉంది. ఆ తర్వాత వచ్చిన నెట్‌వర్క్ రైల్, పట్టాల మెయింటెనెన్స్‌ను కాంట్రాక్టర్ల నుంచి వెనక్కి తీసుకుని సొంత సిబ్బందికి అప్పగించింది.

మన దేశంలో ప్రాణనష్టం లేకుండానే ఇలాంటి పాఠం ఒకటి దొరికింది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో మార్గంలో వంతెనల వంటి సివిల్ నిర్మాణం ఢిల్లీ మెట్రో కార్పొరేషన్‌ది, నడపడం ఒక ప్రైవేటు సంస్థది. 2011లో మొదలైన ఆ మార్గం, గర్డర్ల కింది బేరింగుల్లో లోపాలు బయటపడడంతో 2012 జులైలో మూతపడి, మరుసటి జనవరిలో గానీ తెరుచుకోలేదు. 2013 జులైలో నడిపే పని కూడా మెట్రో కార్పొరేషనే తీసుకుంది.

జపాన్‌లోనూ 1987లో జాతీయ రైల్వేలను విడగొట్టినప్పుడు షింకన్‌సెన్ (అక్కడి బుల్లెట్ రైలు) మార్గాలను ఒక ప్రత్యేక సంస్థ దగ్గర ఉంచి, కొత్త కంపెనీలకు లీజుకిచ్చారు. నాలుగేళ్లకే, 1991లో, వాటిని ఆ కంపెనీలకే అమ్మేశారు. టోక్యో-ఒసాకా మార్గంలో బండ్లు నడిపే కంపెనీయే నేటికీ పట్టాలనూ చూసుకుంటోంది. అది ప్రైవేటు కంపెనీయే. కాబట్టి ప్రభుత్వమా, ప్రైవేటా అన్నదాని కంటే, బాధ్యత ఒక్క చోట ఉందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను. స్టేషన్ల శుభ్రత, టికెట్ల వంటివి బయటివారికి ఇచ్చినా నష్టం లేదు. రైళ్లు తయారుచేసిన కంపెనీ మొదటి కొన్నేళ్లు పక్కనుండి నేర్పించడం మంచిదే. పట్టాలు, సిగ్నళ్లు, ఓహెచ్‌ఈ (బండికి పైనుంచి కరెంటు అందించే తీగల ఏర్పాటు) మాత్రం సొంత ఉద్యోగుల చేతిలోనే ఉండాలి.

ఇక మీ అబ్బాయి సంగతి. ఎలక్ట్రికల్ డిప్లొమాకు ఈ రంగంలో ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు (బండ్లు నడవడానికి కరెంటు సరఫరా చేసే కేంద్రాలు), ఓహెచ్‌ఈ, సిగ్నలింగ్ విభాగాలు సరిపోతాయి. ఇది ఎక్కువగా రాత్రి పని అన్నది ముందే తెలుసుకోండి. చివరి బండి వెళ్లాక బ్లాక్ తీసుకుంటే (అంటే పని కోసం మార్గంలో బండ్లు రాకుండా ఆపించుకుంటే), తెల్లవారేలోగా పని ముగించి మార్గాన్ని అప్పగించాలి. మెట్రోలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరు చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది: లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి స్పానరునూ లెక్కపెట్టి రాసుకుంటారట, బయటికి వచ్చేటప్పుడు ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా మార్గాన్ని అప్పగించరట. మీ వాడికి ఆ క్రమశిక్షణ, రాత్రుళ్లు మెలకువగా ఉండే ఓపిక ఉన్నాయా అన్నది పదవి పేరు కంటే ముఖ్యం. వాడి మనసు మళ్లి డ్రైవరు కావాలనుకుంటే, రైల్వేలో లోకో పైలట్లకు (రైలు డ్రైవర్లకు) ఉండే ఏ-1 అనే కఠినమైన కంటిచూపు ప్రమాణాన్ని ఇప్పుడే పరీక్ష చేయించి చూసుకోవాలి.

నేరుగా బుల్లెట్ రైలు నోటిఫికేషన్ కోసమే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. రైల్వే జూనియర్ ఇంజనీరు పరీక్షకూ, మెట్రో కార్పొరేషన్ల నియామకాలకూ దరఖాస్తు చేయించండి. ఓహెచ్‌ఈ మీద నాలుగేళ్లు పనిచేసిన చేతికి ఏ హైస్పీడ్ సంస్థ వచ్చినా విలువ ఉంటుంది. హైస్పీడ్ మార్గంలో అవకాశం వచ్చినప్పుడు మాత్రం చేరే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోమనండి: నియామక పత్రం ఎవరి పేరు మీద ఇస్తారు, ఉదయం మార్గం సరిగా ఉందని సంతకం పెట్టేది ఎవరు, కాంట్రాక్టు ముగిస్తే తనిఖీ రికార్డులూ శిక్షణ పొందిన మనుషులూ ఎవరి దగ్గర ఉంటారు. ఈ మూడింటికీ కార్పొరేషన్ పేరే వినిపిస్తే నిశ్చింతగా పంపండి. కాంట్రాక్టరు పేరు వినిపిస్తే, రెండేళ్ల అనుభవం కోసం చేరడంలో తప్పు లేదు గానీ, ఆ రెండేళ్లూ జూనియర్ ఇంజనీరు పరీక్షకు చదవడం ఆపకూడదని వాడికి గట్టిగా చెప్పండి.