పంటి ఎక్స్‌రే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంటుగా కొత్తగా చేరాను. పై ముందు పళ్లు ఒకసారి సాగిపోయి, ఇంకోసారి పొట్టిగా పడుతున్నాయి. దవడ పళ్లేమో ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు వస్తున్నాయి. ఎక్స్‌పోజర్ టైము (కిరణాలు పడే సేపు) మార్చి చూసినా తేడా లేదు.

జవాబు: టైము మారిస్తే బొమ్మలో నలుపు తెలుపులు మారతాయండీ, ఆకారం మారదు. ఆకారం చెడిందంటే కోణం తప్పినట్టే. అదీ రెండు రకాలుగా తప్పుతోంది. పన్ను సాగడం, కుంచించుకుపోవడం కిరణాలు వదిలే ట్యూబ్‌ను పైకీ కిందికీ వంచడంలో జరిగే పొరపాటు. పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం పక్కలకు తిప్పడంలో జరిగేది.

ఎండలో మన నీడ గుర్తు తెచ్చుకోండి. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడ పొట్టిగా, పొద్దు వాలాక బారెడు పడుతుంది. ఇక్కడా అంతే: ట్యూబ్ మరీ నిటారుగా వంచితే పన్ను పొట్టిదవుతుంది, చాలినంత వంచకపోతే సాగుతుంది. బొమ్మ పట్టే పలకను, అంటే సెన్సర్‌ను, నోట్లో నిలిపే హోల్డర్ లేకుండా తీసేటప్పుడు పేషెంటు పై పళ్ల వరుస నేలకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు పై ముందు పళ్లకు ట్యూబ్ సుమారు 40 నుంచి 50 డిగ్రీలు, పై దవడ పళ్లకు 20 నుంచి 30 డిగ్రీలు కిందికి చూడాలి. కింది ముందు పళ్లకు 15 నుంచి 25 డిగ్రీలు పైకి చూడాలి. కింది దవడ పళ్లకు దాదాపు అడ్డంగా ఉంటే చాలు. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. అంగిలి లోతు తక్కువున్నవాళ్లకు వీటిని సర్దుకోవాలి.

నేర్చుకునేవాళ్లు హోల్డర్‌తోనే మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయం. ట్యూబ్‌ను దాని రింగుకు ఆనిస్తే కోణాన్ని మీ బదులు అదే చూసుకుంటుంది. కాకపోతే చాలామంది సెన్సర్‌ను పంటికి ఆనించేసి, అది ఏటవాలుగా ఒరిగిపోయాక హోల్డర్ పనిచేయడం లేదంటారు. పై పళ్లకు సెన్సర్‌ను వెనక్కి, అంగిలి బాగా ఎత్తుగా ఉన్న మధ్యభాగం దాకా జరపండి. పంటికీ సెన్సర్‌కీ మధ్య ఖాళీ ఉండాల్సిందే. ఆ ఖాళీ వల్ల బొమ్మ పెద్దదవుతుంది కాబట్టే ఈ పద్ధతిలో పొడుగు కోన్ (ట్యూబ్ ముందుండే గొట్టం) వాడతారు. హోల్డర్‌లో పళ్లతో కొరికి పట్టే బైట్ బ్లాక్ మీద పన్ను అంచు ఆనిందా, పేషెంటు పూర్తిగా కొరికి పట్టారా అన్నది వంగి చూడండి. సగమే కొరికితే వేరు కొన కోసుకుపోతుంది. ఎదుటి వరుసకూ బ్లాకుకూ మధ్య ఒక కాటన్ రోల్ పెడితే పట్టు కుదురుతుంది.

ఇక పళ్లు ఎక్కడం సంగతి. సెన్సర్ మొత్తం దవడ వంపుకు కాదు, మీకు కావలసిన రెండు మూడు పళ్ల బయటివైపుకు సమాంతరంగా ఉండాలి. కిరణం ఆ పళ్లు ఒకదానికొకటి తగిలే సందులోంచి నేరుగా దూరాలి. పంటి శిఖరం నుంచి వేరు దాకా మొత్తం కనిపించి, వేరు కొన దాటాక ఇంకో 2, 3 మి.మీ. ఎముక పడితే ఆ ఫొటో డాక్టరుకు పనికొస్తుంది.

ప్రశ్న: కింది దవడ పళ్లకు సెన్సర్ పెడితే నొప్పంటారు, పైన పెడితే వాంతి వస్తుందంటారు. ఏం చేయాలి?

జవాబు: నోరు బార్లా తెరిపించి సెన్సర్‌ను కిందికి నొక్కుతున్నారేమో చూసుకోండి. నోరు తెరిచినకొద్దీ నాలుక కింది కండరం బిగుసుకుంటుంది, సెన్సర్ అంచు దానికి గుచ్చుకుంటుంది. సెన్సర్‌ను చిగురుకు రాసుకుంటూ కాకుండా నాలుక వైపు పెట్టి, "మెల్లగా నోరు మూయండి" అనండి. మూస్తుంటే కండరం సడలుతుంది, సెన్సర్ దానంతటదే లోపలికి దిగుతుంది. మీరు బలం వాడాల్సిన పని ఉండదు.

వాంతి విషయంలో వేగమే మందు. టైము సెట్ చేసి, ట్యూబ్‌ను దాదాపు చోటుకు తెచ్చిపెట్టుకున్నాకే సెన్సర్ నోట్లో పెట్టండి. ముందు పళ్లతో మొదలుపెట్టి దవడ పళ్లను చివరికి ఉంచండి. సెన్సర్‌ను అంగిలి మీద జార్చకుండా ఒక్క కదలికలో పైకెత్తి ఆనించండి. ముక్కుతో గాలి పీల్చమనండి, ఒక కాలు కొంచెం ఎత్తి పట్టుకోమనండి; ధ్యాస మళ్లుతుంది. "వాంతి వస్తుందా?" అని మాత్రం అడగకండి, ఆ మాటకే వచ్చేస్తుంది. అయినా కుదరకపోతే పట్టుబట్టవద్దు. నోటి బయటి నుంచి తీసే ఓపీజీ సరిపోతుందేమో డాక్టరును అడగండి.

ప్రశ్న: చిన్నపిల్లలు సెన్సర్‌ను నిలపరు. ఒక్క క్షణమే కదా, నా వేలితో పట్టుకోవచ్చా?

జవాబు: వద్దు, ఒక్కసారి కూడా వద్దు. అమెరికాలో 1896లోనే పంటి ఎక్స్‌రేలు మొదలుపెట్టిన ఎడ్మండ్ కెల్స్ ఏళ్లతరబడి కిరణాల్లో చేతులు పెట్టి పనిచేశారు. క్యాన్సర్ వచ్చి ముందు వేళ్లు, తర్వాత చెయ్యి పోగొట్టుకున్నారు. పేషెంటుకు అది ఒక్క ఫొటో, మీకు రోజూ పని.

చిన్న సైజు సెన్సర్ లేదా ఫిల్ము వాడండి, టైము తగ్గించండి. ముందు ఒకసారి బటన్ నొక్కకుండా ఉత్తుత్తిగా తీసి చూపిస్తే చాలామంది పిల్లలు కుదురుగా కూర్చుంటారు. ఎవరైనా పట్టుకోక తప్పదంటే అది తల్లిగానీ తండ్రిగానీ కావాలి, కిరణాలను ఆపే లెడ్ (సీసం) ఏప్రన్ వేసుకోవాలి, గర్భిణి కాకూడదు, చెయ్యి కిరణం దారిలో ఉండకూడదు.

ట్యూబ్ హెడ్ జారిపోతుంటే దాన్నీ పట్టుకోకూడదు. రిపేరు చేయించేదాకా ఆ మెషీన్ ఆపేయండి. బటన్ నొక్కేటప్పుడు గోడ చాటున నిలబడండి. గోడ లేకపోతే పేషెంటుకు కనీసం 2 మీటర్ల దూరంలో, కిరణం వెళ్లే దారికి 90 నుంచి 135 డిగ్రీల మధ్య ఉండండి. దూరం రెండింతలైతే మీ మీద పడేది నాలుగో వంతుకు తగ్గుతుంది.

ప్రశ్న: లెడ్ ఏప్రన్ వేయకపోతే పేషెంట్లు భయపడుతున్నారు. గర్భిణులకు తీయవచ్చా?

జవాబు: నోట్లో తీసే ఒక్క ఫొటోకు పడేది కొన్ని మైక్రోసీవర్ట్‌లే (ఇది ఒంటి మీద పడే రేడియేషన్ కొలత). భూమి నుంచి, ఆకాశం నుంచి సహజంగా మనందరి మీదా పడే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2,400 మైక్రోసీవర్ట్‌లు, అంటే రోజుకు ఆరున్నర. అవసరమైన ఫొటో గర్భిణికి తీయవచ్చు. చీము పట్టిన పన్నును వదిలేస్తేనే ఎక్కువ ప్రమాదం. డాక్టరు నోరు పరీక్షించకముందే అలవాటుగా తీసేయడం మాత్రం ఎవరి విషయంలోనూ తగదు.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో ఏప్రన్, మెడకు కట్టే థైరాయిడ్ కాలర్ మామూలుగా అక్కర్లేదని చెప్పింది. మీరున్న చోట నిబంధన వేయమంటే వేయాల్సిందే. అసలు రక్షణ కోన్ దగ్గరుంది. గుండ్రటి కోన్ చివర 7 సెం.మీ. వెడల్పుంటే సుమారు 38 చదరపు సెం.మీ. మేర కిరణాలు పడతాయి. పెద్దల ఫిల్ము 31 × 41 మి.మీ., అంటే 13 చదరపు సెం.మీ. కూడా లేదు. మిగిలినదంతా బొమ్మకు పనికిరాకుండా ముఖం మీద పడేదే. కిరణాల మేరను కుదించే దీర్ఘచతురస్రపు కాలిమేటర్ తగిలిస్తే అందులో చాలా భాగం ఆగిపోతుంది. గురి కొంచెం తప్పినా అంచు తెల్లగా కోసుకుపోతుంది కాబట్టి హోల్డర్‌తోనే వాడండి.

ప్రశ్న: ఫిల్ము వెలిసినట్టు వచ్చి, మీద టైరు అచ్చులాంటి గీతలు పడ్డాయి. డెవలపర్ (ఫిల్ము కడిగే మందు) పాడైందా?

జవాబు: డెవలపర్‌ను పారబోయకండి. ఫిల్మును తిరగేసి పెట్టారు. ప్యాకెట్‌లో ఫిల్ము వెనకాల ఉండే సీసపు రేకు ముందుకొచ్చింది, దాని అచ్చే ఆ గీతలు. తెల్లటి సాదా వైపు ట్యూబ్‌కు, రంగు వైపు నాలుకకు ఉండాలి. ఫిల్ము మీదుండే చుక్క గుర్తు వేరు వైపు కాకుండా పంటి శిఖరం వైపు పెట్టండి. తిరగేసిన ఫిల్ములో కుడి ఎడమలు తారుమారవుతాయి, కాబట్టి దాన్ని పేషెంటు ఫైల్లో ఉంచేటట్టయితే తిరగబడిందని దాని మీదే రాయండి.