పాత సేవ్ కోసం యాంటీవైరస్ ఆపుతారా?

ప్రశ్న: కాలేజీ రోజుల్లో ‘ఆబ్లివియన్’ గేమ్ తెగ ఆడాను. ఇప్పుడు దాని రీమాస్టర్ (కొత్త హంగులతో మళ్లీ వచ్చిన గేమ్) కొన్నాను. పాత సేవ్ ఫైళ్లు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునేవి) అందులో తెరుచుకోవడం లేదు. ఒక సైట్‌లో ‘సేవ్ కన్వర్టర్’ దొరికింది. దాన్ని రన్ చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా? గేమ్ మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తోంది, దానికేం చేయాలి?

జవాబు: ఆపొద్దు. ఆ ఫైలును తెరవకుండానే డిలీట్ చేయండి. పేరు మారుతుందేమో గానీ ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంది. ఒకరికి సేవ్ కన్వర్టర్, ఇంకొకరికి గేమ్‌కు మార్పులు చేర్చే మోడ్ ప్యాక్, మరొకరికి గేమ్ వేగం పెంచుతామనే ఎఫ్‌పీఎస్ బూస్టర్. అన్నిటిలోనూ ఒకటే మాట: ‘వైరస్ అని చూపిస్తే పట్టించుకోకండి, ఫాల్స్ అలారం’. దొంగే వచ్చి కుక్కను కట్టేయమంటే కట్టేస్తామా?

ఇలాంటి వాటిలో దాగేది ఎక్కువగా సమాచారం దొంగిలించే మాల్వేర్. కంప్యూటర్ స్లో అవదు, తెర మీద హెచ్చరికేదీ రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయ్యారని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లు) నిమిషాల్లో పట్టుకుపోతుంది. నాకు భయం ఈ కుకీల గురించే. అవి చేతికొస్తే ఆ దొంగకు మీ పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. మీరే లాగిన్ అయి ఉన్నారని సైట్ అనుకుంటుంది.

ఒకవేళ ఇప్పటికే రన్ చేసేసి ఉంటే ఆ కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చకండి. కొత్తవీ వాడికే చేరతాయి. వేరే ఫోన్‌లోంచి ముందు ఈమెయిల్‌కు, తర్వాత బ్యాంకుకు, గేమ్ ఖాతాకు పాస్‌వర్డ్ మార్చండి. ‘అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్’ కూడా తప్పక నొక్కండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఆ తర్వాత విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

ఇక సేవ్‌ల సంగతి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఈ రీమాస్టర్ లోపల 2006 నాటి గేమే నడుస్తుంది, పైన బొమ్మ గీసేది అన్‌రియల్ ఇంజన్ 5. లోపల పాతదే కాబట్టి సేవ్ కూడా పనిచేస్తుందనుకోవడం సహజమే, కానీ పనిచేయదు. లెవెల్ పెరిగే పద్ధతి కూడా మార్చేశారు. పాత సేవ్ పనిచేయదన్న ముక్క కొనే పేజీలోనే పెద్దక్షరాల్లో పెడితే ఇలాంటి కన్వర్టర్లకు గిరాకీ ఉండేదా? రీమాస్టర్లు చేసేవాళ్లందరికీ మన జ్ఞాపకాలు అమ్ముకోవడం బాగా తెలుసు. ఆ జ్ఞాపకాలు ఉన్న ఫైలు ఏమవుతుందో చెప్పడానికే నోరు రాదు. పైగా పాత గేమ్‌కు 5 జీబీ లోపు చాలు, దీనికి 125 జీబీ కావాలి!

పాత పాత్ర మీదే మనసుంటే ఒరిజినల్ గేమ్ ఇన్‌స్టాల్ చేసి, డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ ఫోల్డర్‌లో ఆబ్లివియన్ కింద ఉండే సేవ్స్‌లో ఆ ఫైళ్లు పెట్టండి. అప్పట్లో మోడ్‌లు వాడి ఉంటే అవీ కావాలి. రీమాస్టర్‌లో మాత్రం మళ్లీ ఆ జైలు గదిలోంచే మొదలుపెట్టాలి. నేనూ అలాగే మొదలుపెట్టాను. సొరంగం దాటి వెలుగులోకి వచ్చేసరికి పాత సేవ్ గుర్తే రాలేదు.

ఆగి ఆగి నడవడానికి: గేమ్‌ను ఎస్ఎస్‌డీలోకి మార్చండి, సెట్టింగ్స్‌లో వెలుగునీడలు గీసే లూమెన్‌ను హార్డ్‌వేర్ నుంచి సాఫ్ట్‌వేర్‌కు తిప్పండి. కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.